కాంట్రాక్టు అయిపోయిన ఫుట్‌బాలరు మళ్ళీ క్లబ్బు వెతుక్కోవడం ఎలా? ఒడిశా సరిహద్దు తెలుగు ఆటగాళ్ళ కోసం

సీజన్ ముగిసి కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని పర్లాకిమిడి స్టేషన్లో దిగుతాడు. ఇంట్లో అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగే మొదటి మాట, "మళ్ళీ ఎప్పుడు ఎళ్ళాలి నాన్నా?" ఆ మాటకి జవాబు లేని వేసవులు నా జీవితంలో రెండున్నాయి. కాంట్రాక్టు అయిపోయింది, క్లబ్బు నుంచి ఫోను రాలేదు, నేనూ ఎవరికీ చేయలేదు. బాగా ఆడితే వాళ్ళే పిలుస్తారని నమ్మి ఇంట్లో కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు కుర్రాళ్ళకి ఆట నేర్పుతున్నాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి క్లబ్బు లేకుండా తిరిగొచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఒక కోచ్ మీ గురించి ఐదు నిమిషాల్లో తెలుసుకోవాలి. అది నిజమేనని ఇంకో ఐదు నిమిషాల్లో సరిచూసుకోగలగాలి. కింద చెప్పే పనులన్నీ ఆ పది నిమిషాల కోసమే.

కాంట్రాక్టు లేకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. మన దేశంలో చాలా కాంట్రాక్టులు ఒక్క సీజన్‌కే ఉంటాయి. పైగా 2025 జులైలో దేశంలో పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నిర్వాహకులు సీజన్‌ని పక్కన పెట్టినప్పుడు జాతీయ జట్టుకి ఆడినవాళ్ళు కూడా నెలల తరబడి టెన్షన్‌తో ఇంట్లో ఉన్నారు. వీధిలో ఎవరైనా "ఆట మానేశావా?" అని అడిగితే "క్లబ్బు చూసుకుంటున్నాను" అని చెప్పండి.

మొదటి పని: పేరు, కాగితాలు

సరిహద్దులో పుట్టిన మనకి పేరే పెద్ద చిక్కు. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తారు. ఒడియా బడిలో మాస్టారు దాన్ని తీసుకెళ్ళి చివర పెడతారు. ఆధార్ తీసినవాడు ఇంగ్లీషులో తనకి తోచిన అక్షరాలు వేస్తాడు. జిల్లా టోర్నీ మ్యాచ్ షీట్లో ఇంకో రకంగా ఉంటుంది. ఒకే మనిషి నాలుగు కాగితాల్లో నలుగురు అవుతాడు.

నేను దీనివల్లే దెబ్బతిన్నాను. ఒక క్లబ్బు నన్ను తీసుకుంటామంది, కాగితాలు పంపమంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. అఫిడవిట్ కోసం నోటరీ దగ్గరికీ తహసీల్ ఆఫీసుకీ తిరుగుతుండగా విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్ళని రిజిస్టర్ చేసుకునే గడువు, మూసేశారు. ఆ క్లబ్బు తప్పేం లేదు, గడువు దాటితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అప్పటి నుంచి నా దగ్గరికి ఏ పిల్లాడు వచ్చినా ముందు బంతి తీయమనను, కాగితాలు తీయమంటాను.

జనన ధృవీకరణ పత్రం, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు ఒకచోట పరిచి చూడండి. పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా కలవాలి. తేడా ఉంటే ఈ ఖాళీ నెలల్లోనే సరిచేయించండి. పాస్‌పోర్టు లేకపోతే ఇప్పుడే పెట్టండి. వయసు తగ్గించి చూపించిన కాగితం ఏదైనా ఉంటే దాన్ని ఎక్కడా వాడకండి. ఒకసారి పట్టుబడితే ఆట అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత సీఆర్ఎస్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే సెంట్రలైజ్డ్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఇది. మీరు ఏ క్లబ్బు ఆటగాడన్నది అక్కడ ఏముంటే అదే లెక్క. పాత కాంట్రాక్టు ముగింపు తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. సీజన్ మధ్యలో మాట్లాడుకుని విడిపోయి ఉంటే, రెండు వైపులా సంతకాలున్న ఉత్తరం మీ దగ్గర ఉండాలి, ఆ సంగతి సిస్టమ్‌లో కూడా ఎక్కాలి. ఎక్కకపోతే కొత్త క్లబ్బు మిమ్మల్ని రిజిస్టర్ చేయలేదు. పాత క్లబ్బు జీతం బాకీ ఉంటే మాత్రం, "నాకు రావలసిందేమీ లేదు" అని రాసిన కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. కాగితం చేతికిస్తే చాలనుకుని చాలామంది పిల్లలు అక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు.

విండో ఎప్పుడు తెరుస్తారు, మీకు అదెంత వర్తిస్తుంది

ఏడాదికి రెండు రిజిస్ట్రేషన్ విండోలుంటాయి. మన దగ్గర వేసవిలో ఒకటి పెద్దది, జనవరి ప్రాంతంలో ఒకటి చిన్నది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి సమాఖ్య ప్రకటన చూసి గోడ మీద రాసుకోండి.

చాలామందికి తెలియని నియమాలు రెండున్నాయి. కాంట్రాక్టు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచే వేరే క్లబ్బుతో మాట్లాడి సంతకం పెట్టుకునే హక్కు ఫిఫా నియమాల ప్రకారం ప్రొఫెషనల్ ఆటగాడికి ఉంది. అంటే మే నెలలో కాంట్రాక్టు అయిపోయేవాడు డిసెంబరులోనే వెతకడం మొదలుపెట్టవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. విండో మూసేలోపు కాంట్రాక్టు ముగిసిపోయిన ప్రొఫెషనల్‌ని ఆ తర్వాత కూడా రిజిస్టర్ చేసే వెసులుబాటు ఫిఫా జాతీయ సమాఖ్యలకి ఇచ్చింది. సీజన్ మధ్యలో ఎవరి మోకాలో పోతే, క్లబ్బు వెతికేది ఇలాంటి ఫ్రీ ప్లేయర్ల కోసమే. అందుకని విండో మూసిన మర్నాడు ఆశ వదులుకుని షూస్ అటక మీద పెట్టొద్దు.

ఎవరికి అమ్ముడవుతారో ముందు తెలుసుకోండి

ఈ మాట కొంచెం కఠినంగా ఉంటుంది. చెప్పక తప్పదు.

ఐఎస్ఎల్‌లో కొన్నేళ్ళుగా నడిచిన పద్ధతి ప్రకారం మైదానంలో నలుగురు విదేశీయులకి చోటు, మిగతా ఏడుగురు మనవాళ్ళు. ఆ నలుగురూ ఎక్కువగా స్ట్రైకర్, అటాకింగ్ మిడ్‌ఫీల్డర్, సెంటర్ బ్యాక్ స్థానాల్లోనే ఉంటారు. కాబట్టి మన కుర్రాళ్ళకి గిరాకీ ఫుల్ బ్యాక్ (అంచుల్లో ఆడే డిఫెండర్), వింగర్, గోల్‌కీపర్, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ స్థానాల్లో ఎక్కువ. మీరు స్ట్రైకరై ఉండి వింగ్‌లో కూడా ఆడగలిగితే ఆ సంగతి గట్టిగా చెప్పండి. ఎడమ కాలు ఆటగాళ్ళు ఎక్కడైనా తక్కువే, మీది ఎడమ కాలైతే మొదటి వాక్యంలోనే రాయండి.

కోల్‌కతా లీగ్‌కి వెళ్దామని మనవైపు అందరికీ ఆశ. బరంపురం నుంచి రైలెక్కితే హౌరాలో దిగొచ్చు, దారి తెలుసు. కానీ అక్కడి ప్రీమియర్ డివిజన్లో బెంగాల్ ఆటగాళ్ళు ఇంతమంది మైదానంలో ఉండి తీరాలన్న నియమం పెట్టారు. బయటివాళ్ళకి మిగిలే చోట్లు కొన్నే. తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళి రెండు నెలలు గది అద్దె కట్టుకోవడం వేరు.

మరి మన దారులేమిటి? ఐఎస్ఎల్ కింద ఐ-లీగ్ (2026లో ఇండియన్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చారు), దాని కింద ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3 ఉన్నాయి. ఒడిశా ఫుట్‌బాల్ అసోసియేషన్ లీగ్ ఉంది. అందులో ఈస్ట్ కోస్ట్ రైల్వే లాంటి డిపార్ట్‌మెంట్ జట్లు కూడా ఆడతాయి. అటు హైదరాబాద్‌లో ఐ-లీగ్ ఆడిన శ్రీనిధి డెక్కన్ ఉంది. మనకి తెలుగు, ఒడియా రెండూ నోటికొచ్చు, హిందీతో పని గడుస్తుంది. అటు భువనేశ్వర్లోనూ ఇటు విశాఖలోనూ డ్రెస్సింగ్ రూంలో ఇబ్బంది పడని ఆటగాడంటే కోచ్‌కి తలనొప్పి తక్కువ. ప్రొఫైల్లో భాషలు రాయడం మర్చిపోవద్దు. సంతోష్ ట్రోఫీకి రాష్ట్ర జట్టులో చోటు దొరికితే అంతకన్నా మంచి కిటికీ ఇంకోటి లేదు. 2024 డిసెంబరులో దాని చివరి దశ హైదరాబాద్‌లోనే జరిగింది. అలాంటి చోటికి క్లబ్బులవాళ్ళు చూడటానికే వస్తారు.

అమ్మాయిలకి కూడా ఇదే వర్తిస్తుంది. 2023-24లో ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచింది ఒడిశా ఎఫ్‌సీ జట్టే. మన రాష్ట్రంలో అమ్మాయిల ఆటని పట్టించుకునే క్లబ్బులున్నాయి, వాటి తలుపు తట్టండి.

వీడియో: అసలు పని ఇక్కడే

గుణుపురం నుంచి ఒక లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ అంచు డిఫెండర్, వచ్చాడు. ఫోన్లో వీడియో చూపించాడు. ఏడు నిమిషాలు. మొదటి 40 సెకన్లు మంటల మధ్య వాడి పేరు, వెనక హోరుమనే పాట. తర్వాత స్లో మోషన్లో ఒక ఫ్రీ కిక్, అది గోల్ కూడా కాలేదు. వాడు నిజంగా బాగా చేసే పని, అంటే వింగర్‌ని గీత వైపు తోసుకుంటూ వెళ్ళి బంతి లాక్కోవడం, ఐదో నిమిషంలో వచ్చింది. అక్కడిదాకా ఏ కోచూ చూడడు.

ఇద్దరం వరండాలో కూర్చుని మొత్తం మళ్ళీ కోశాం. పాట తీసేశాం. మొదటి ఐదు సెకన్లు ఒకే ఒక తెల్ల పలక: పేరు, పుట్టిన సంవత్సరం, ఎత్తు, ఎడమ కాలు, స్థానం, ఫోన్ నంబరు. వెంటనే వాడి ఆరు ఒన్-టు-ఒన్ డిఫెండింగ్ క్లిప్పులు. ప్రతి క్లిప్పులో ఆట మొదలయ్యే క్షణంలో వాడి చుట్టూ ఒక గుండ్రం, ఆ తర్వాత తీసేశాం. బంతి వాడి దగ్గరికి రావడానికి మూడు నాలుగు సెకన్ల ముందు నుంచి ఉంచాం. ఎక్కడ నిలబడ్డాడు, తల తిప్పి చూశాడా లేదా అన్నది కోచ్ చూసేది ఆ సెకన్లలోనే. తర్వాత ఓవర్‌ల్యాప్ పరుగులు (తన వింగర్‌ని దాటి ముందుకెళ్ళేవి), క్రాసులు. తర్వాత హెడర్లు. చివర్లో, బంతి పోగొట్టుకుని 50 గజాలు వెనక్కి పరిగెత్తి టాకిల్ చేసిన క్లిప్పు ఒకటి. వాడు దాన్ని వద్దన్నాడు, "తప్పు కనబడతది అన్నా" అని. ఉంచమన్నాను. తప్పు చేశాక ఏం చేస్తాడన్నది కోచ్‌కి కావలసిన సంగతి. మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

హైలైట్స్‌తో పాటు రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు ఇవ్వండి. ఒకటి మీ జట్టు ఓడిపోయిందైతే ఇంకా మంచిది. హైలైట్స్ అందరివీ బాగానే ఉంటాయి. నిజంగా ఆసక్తి ఉన్న కోచ్ 90 నిమిషాల ఆటలో బంతి లేనప్పుడు మీరేం చేస్తున్నారో చూస్తాడు. పెద్ద టోర్నీల మ్యాచ్‌లు చాలావరకు యూట్యూబ్‌లో దొరుకుతాయి. మీ జెర్సీ నంబరు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఆడారో లింకు కిందే రాయండి.

వీడియోలే లేకపోతే ఇప్పుడు తీయించండి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. సెంటర్ లైనుకి ఎదురుగా ఎత్తైన చోటు కావాలి. బడి డాబా, మంచె, ట్రాక్టర్ ట్రక్కు ఏదైనా సరే. తీసే కుర్రాడికి ఒక్కటే చెప్పండి: బంతి మీద జూమ్ చేయొద్దు, డిఫెన్స్ లైను, మిడ్‌ఫీల్డ్ లైను రెండూ ఫ్రేములో ఉండాలి. పవర్ బ్యాంకు మర్చిపోవద్దు.

వీడియోని యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) పెట్టి ఆ లింకు పంపండి. డ్రైవ్ లింకు తెరిస్తే "అనుమతి అడగండి" అని వస్తే కోచ్ అక్కడే ఆగిపోతాడు. పంపే ముందు వేరే వాళ్ళ ఫోన్లో నొక్కి చూడండి.

ఒక్క పేజీ ప్రొఫైల్, ఒక్క మెసేజ్

ప్రొఫైల్ ఒక పేజీ దాటకూడదు. ఏ సీజన్లో ఏ క్లబ్బు, ఎన్ని మ్యాచ్‌లు, అందులో మొదటి పదకొండులో ఎన్ని, గోల్స్, అసిస్ట్‌లు, సీఆర్ఎస్ నంబరు, పెద్ద గాయాలు, ఇద్దరు పాత కోచ్‌ల నంబర్లు. ఆ కోచ్‌లని ముందే అడిగి వాళ్ళ నంబరు పెట్టండి. మ్యాచ్‌ల సంఖ్య పెంచి రాయొద్దు. క్లబ్బు అనలిస్టు సరిచూడటానికి రెండు నిమిషాలు పట్టదు. గాయం దాచొద్దు. స్కానింగ్ రిపోర్టు, మళ్ళీ ఆడటం మొదలుపెట్టిన తేదీ చూపిస్తే అనుమానం తీరిపోతుంది. ఆటగాళ్ళ వివరాలు పెట్టే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ వెబ్‌సైట్‌లో మీ పేజీ ఉంటే అందులో పాత క్లబ్బు పేరో తప్పు పుట్టిన తేదీయో ఉండొచ్చు, సవరణకి పంపండి.

తర్వాత 20 క్లబ్బుల జాబితా రాయండి. ప్రతి క్లబ్బుకి ఎదురుగా: హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, టీమ్ మేనేజర్, పోయిన సీజన్లో మీ స్థానంలో ఎవరు ఆడారు, వాళ్ళు ఉన్నారా వెళ్ళిపోయారా. నా అనుభవంలో హెడ్ కోచ్ కన్నా అసిస్టెంట్ కోచ్, గోల్‌కీపింగ్ కోచ్ త్వరగా జవాబిస్తారు. అందరికన్నా పనికొచ్చేది ఆ క్లబ్బులో ఇప్పటికే ఉన్న మీ పాత సహ ఆటగాడు. వాడికి ఫోను చేయడానికి మొహమాటపడొద్దు.

మెసేజ్ ఇంగ్లీషులోనో హిందీలోనో పంపుతారు. అందులో ఉండాల్సిన విషయం ఇలా ఉండాలి:

"నమస్తే సర్. నేను లెఫ్ట్ బ్యాక్‌ని, ఎడమ కాలు, 22 ఏళ్ళు. పోయిన సీజన్ ఐ-లీగ్ 2లో 11 మ్యాచ్‌లు ఆడాను, 9 మొదటి నుంచి. కాంట్రాక్టు మే 31తో ముగిసింది, సీఆర్ఎస్‌లో ఫ్రీగా ఉన్నాను. మీ లెఫ్ట్ బ్యాక్ వేరే క్లబ్బుకి వెళ్ళారని చూసి రాస్తున్నాను. నాలుగు నిమిషాల వీడియో, రెండు పూర్తి మ్యాచ్‌లు కింద ఉన్నాయి. ఎప్పుడు పిలిచినా రెండు రోజుల్లో రాగలను."

అంతే. ఇంటి కష్టాలు రాయొద్దు. "ఒక్క ఛాన్స్ ఇవ్వండి సర్" అని బతిమాలొద్దు. ఆ కష్టాలు నిజమేనని నాకు తెలుసు, నావీ అవే. కానీ ఆ మాటలతో కోచ్ చేయగలిగేదేమీ లేదు. ఒకే మెసేజ్ ఇరవైమందికి ఫార్వర్డ్ చేస్తే పైన "ఫార్వర్డెడ్" అని కనిపిస్తుంది, ప్రతిదీ విడిగా రాయండి. జవాబు రాకపోతే పది రోజులాగి కొత్త మ్యాచ్ క్లిప్పుతో ఇంకోసారి. మూడోసారి తర్వాత ఆ సీజన్‌కి ఆపేయండి. ఎవరికి ఏ తేదీన రాశారో నోటు పుస్తకంలో పెట్టుకోండి.

ఖాళీ నెలల్లో ఒళ్ళు

పిలుపు వచ్చాక ఫిట్‌నెస్ మొదలుపెడితే ఆలస్యమే. వారానికి కనీసం రెండు మ్యాచ్ స్థాయి సెషన్లు, రెండు స్ప్రింట్ సెషన్లు, రెండు బరువుల రోజులు పెట్టుకోండి. యో-యో టెస్టు (పరుగుతో దమ్ము కొలిచే పరీక్ష) స్కోరు, 30 మీటర్ల టైము నెలకోసారి రాసుకోండి. స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల ఆటగాళ్ళ సంఘాలే క్లబ్బు లేని వాళ్ళకి శిబిరాలు పెట్టి, ప్రొఫెషనల్ జట్లతో మ్యాచ్‌లు ఆడిస్తాయి. అలాంటి శిబిరం మన ఊళ్ళకి దగ్గరలో లేదు. అందుకని క్లబ్బు లేని నలుగురైదుగురు కలిసి ఒక మైదానంలో సాధన చేయండి. ఒక్కడే చేసేవాడు మూడో వారంలో మానేస్తాడు, చాలామందిని చూశాను.

పండగ టోర్నీలకి ఆటకింతని డబ్బిచ్చి పిలుస్తారు. ఇంట్లో బియ్యానికి ఆ డబ్బు కావాలి, ఆడొద్దని నేను చెప్పలేను. కానీ ట్రయల్ తేదీ ఖాయమయ్యాక ఆ ముందు రెండు వారాలు ఆ గట్టి నేల మీద కాలు పెట్టకండి.

ట్రయల్

వెళ్ళే ముందు నాలుగు సంగతులు మెసేజ్‌లో రాయించుకోండి: ఎన్ని రోజులు, బస ఎవరిది, తిండి ఎవరిది, గాయమైతే వైద్యం ఎవరిది. రైలు ఖర్చు చాలాసార్లు మనదే అవుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. జయపురం, రాయగడ నుంచి భువనేశ్వర్ వెళ్ళేవాళ్ళకి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణం. దిగిన రోజే ట్రయల్ పెట్టుకోకుండా ఒక రోజు ముందు వెళ్ళండి. కొత్త షూస్ వేసుకుని వెళ్ళొద్దు.

మైదానంలో మీ స్థానంలో మీరు బాగా చేసే పనే చేయండి. లెఫ్ట్ బ్యాక్ వచ్చి నలుగురిని డ్రిబుల్ చేయబోతే కోచ్ పేరు కొట్టేస్తాడు. మొదటి పది నిమిషాలు సులువైన పాసులు, గట్టిగా మాట. పక్కవాడి పేరు అడిగి తెలుసుకుని పిలవండి. తీసుకోలేదంటే, "నాలో ఏం తగ్గింది సర్?" అని అడిగి ఆ మాట రాసుకోండి. ఆ కోచే ఏడాది తర్వాత ఇంకో క్లబ్బులో ఉంటాడు.

డబ్బు ఇమ్మన్నవాడు

ఏజెంటు లేకుండా కూడా సంతకం పెట్టవచ్చు. ఏజెంటు కావాలనుకుంటే ఫిఫా లైసెన్సు ఉందో లేదో ఫిఫా వెబ్‌సైట్‌లోనే వెతకండి. 2023 నుంచి పరీక్ష పాసైతేనే లైసెన్సు. ఆటగాడితో ఏజెంటు ఒప్పందం రెండేళ్ళు మించకూడదు. ఏజెంటుకి కమీషన్ అంటే జీతం వచ్చాక అందులోంచి ఇచ్చేది. సంతకానికి ముందే "రిజిస్ట్రేషన్ ఫీజు", "ట్రయల్ ఫీజు", "వీసా ప్రాసెసింగ్" అని అడిగేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. మా వైపు పొలం తాకట్టు పెట్టి ఇచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ డబ్బు తిరిగి రాలేదు, ఆ పిల్లలు ఆట కూడా మానేశారు.

విదేశీ క్లబ్బు నుంచి ఆహ్వానం వస్తే, ఆ ఉత్తరం మీదున్న నంబరుకి కాకుండా, క్లబ్బు అసలు వెబ్‌సైట్‌లోని నంబరుకి మీరే ఫోను చేయండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఉంచడానికి ఇవ్వొద్దు. ప్రొఫెషనల్‌గా బయటి దేశానికి వెళ్తే అంతర్జాతీయ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ రెండు దేశాల సమాఖ్యల మధ్యే నడుస్తుంది. దాన్ని చేతికి తెచ్చిస్తానని డబ్బు అడిగేవాడు దొంగ.

సంతకం

నోటి మాట మీద బ్యాగు సర్దొద్దు. కాంట్రాక్టులో మొదలు, ముగింపు తేదీలు, నెల జీతం, ఏ తేదీకి ఇస్తారు, బస, బీమా, గాయమైతే జీతం సంగతి రాసి ఉండాలి. వైద్య పరీక్ష పాసైతేనే ఈ కాంట్రాక్టు చెల్లుతుందని రాయడం ఫిఫా నియమాలకి విరుద్ధం. పరీక్ష సంతకానికి ముందే చేయించుకోమనండి. రెండు నెలల జీతం ఎగ్గొడితే, రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు మీకుంది. దానికోసం జీతం పడిన ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి. గొడవైతే సమాఖ్యలోని ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది, ఆటగాళ్ళ సంఘం ఎఫ్‌పీఏఐ ఉంది. అర్థంకాని పేజీ ఏదైనా ఉంటే సంతకానికి ముందే వాళ్ళకో, తెలిసిన వకీలుకో చూపించండి.

సంతకాలున్న కాపీ ఒకటి మీ చేతికి రావాలి, "తర్వాత పంపుతాం" అంటే అక్కడే ఫోటో తీసుకోండి. ఆ రాత్రే సీఆర్ఎస్ తెరిచి మీ పేజీ చూడండి. క్లబ్బు పేరు ఎక్కిందా, తేదీలు సరిగ్గా పడ్డాయా, మీ పేరులో ఇంటిపేరు ముందుందా వెనకుందా, ఆధార్‌లో ఉన్న అక్షరాలే ఉన్నాయా చూసుకోండి. అన్నీ కలిశాక ఇంటికి ఫోను చేసి, ఎప్పుడు వెళ్ళాలో అమ్మకి తేదీ చెప్పండి.